గేర్ ఆయిల్ మార్చాక సెకండ్ గేరు మొరాయిస్తోంది: జీఎల్-4 బదులు జీఎల్-5 పోశారు, మళ్ళీ మార్చాలా?

బెజవాడ_బండోడు
గేర్ ఆయిల్ మార్పించి నెల కావస్తోంది. అంతకుముందు ఏ గొడవా లేదు. డెబ్బై వేల కిలోమీటర్లు దాటింది కదా అని నేనే తీసుకెళ్ళి మార్పించాను. ఇప్పుడు పొద్దున్నే బండి తీస్తే ఒకటి నుంచి రెండుకి పడదు. గట్టిగా లాగితే గర్రుమంటుంది. కాస్త తిరిగి వేడెక్కాక దానంతటదే సర్దుకుంటుంది గానీ, మూడో గేరు మాత్రం తొందరగా వేస్తే అప్పుడు కూడా గరగరమంటోంది.

ఓనర్స్ మాన్యువల్లో 75డబ్ల్యూ-80, జీఎల్-4 అని ఉంది. గ్యారేజీలో పోసింది 80డబ్ల్యూ-90, జీఎల్-5. పోసేటప్పుడే అడిగాను. "బుక్కులో రాసేది ఫారిన్ చలికి సార్, మన ఎండలకి తొంభై నంబరే" అన్నాడు. మొన్న మళ్ళీ వెళ్తే "కొత్త ఆయిల్ కదా, సెట్ అవుతుంది" అంటున్నాడు. ఆయిల్ సెట్ అవడమేమిటో నాకు అంతుపట్టలేదు. ఆగాలా, మార్చాలా? మారిస్తే ఏది?

బండి 2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్, ఐదు గేర్లు.

స్పానర్_14
కారు పేరు చెప్పకుండా ఆయిల్ అడగడం, రోగి ఎవరో చెప్పకుండా మందు చీటీ రాయమన్నట్టుంది.

బెజవాడ_బండోడు
పేరు రాస్తే ఏమవుతుందో టైర్ల థ్రెడ్‌లో చూశాం కదా. మూడో పోస్టు నుంచి కంపెనీల అభిమాన సంఘాల కొట్లాటే. మాన్యువల్లో ఉన్న స్పెక్ ఇచ్చాను, అది చాలదా?

మానేరు_బండి
ఏం గాదు భయ్యా. నేను ఏండ్ల సంది జీఎల్-5 పోస్తున్న, గేర్లు వెన్నలెక్క పడ్తయ్. నాలుగు కంటే అయిదు పెద్దదే గదా, మంచి ఆయిలే పోసిండు. ఊకె పరేషాన్ గాకు.

రసాయనం_మాస్టారు
@మానేరు_బండి అక్కడే అందరూ పొరబడతారు. డబ్బా మీద రెండు రకాల అంకెలుంటాయి. 75డబ్ల్యూ-80, 80డబ్ల్యూ-90 అనేవి చిక్కదనం. జీఎల్-4, జీఎల్-5 అనేవి అందులో కలిపిన మందుల సంగతి. ఒకదానితో ఇంకోదానికి సంబంధం లేదు. 75డబ్ల్యూ-90లో జీఎల్-4 కూడా దొరుకుతుంది, జీఎల్-5 కూడా దొరుకుతుంది.

4 కన్నా 5 మేలని కాదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఒక్కో పనికి ఒక్కో అంకె పెట్టారు. జీఎల్-5 హైపాయిడ్ గేర్ల కోసం, అంటే వెనక చక్రాలతో నడిచే బండి హౌసింగులో ఉండే క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) కోసం. అక్కడ పినియన్ క్రౌన్ మధ్యగీతకి సరిగ్గా ఎదురుగా ఉండదు, పక్కకి జరిగి కూర్చుంటుంది. అందువల్ల పళ్ళు దొర్లడంతో ఊరుకోవు, ఒకదాన్నొకటి ఈడ్చుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర నిలవదు. అందుకని గంధకం, భాస్వరం ఉన్న ఎక్స్‌ట్రీమ్ ప్రెషర్ మందు కలుపుతారు. వేడికి అది ఉక్కు మీద పలచటి పొర కడుతుంది. అరిగితే ఆ పొర అరుగుతుంది, పన్ను మిగులుతుంది. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4కి ఇంచుమించు రెట్టింపు.

మన బండోడిది ఇంజను అడ్డంగా ఉండే ఫ్రంట్ వీల్ డ్రైవ్. రెండు చక్రాలకీ తిప్పుడు పంచే డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే ఉంటుంది, దాని పళ్ళు హెలికల్, అంటే ఏటవాలు పళ్ళు. హైపాయిడ్ లేనే లేదు, ఆ రెట్టింపు మందుతో పనీ లేదు. పైగా సింక్రో రింగుకి కావలసింది జారుడు కాదు, పట్టు. రింగు వెళ్ళి గేరు కోనుని ఒరుసుకుని రెండింటి వేగం సమం చేస్తేనే గేరుని షాఫ్టుకి కలిపే స్లీవు దిగుతుంది. ఆయిల్ మరీ జారుడైతే ఆ పట్టు ఆలస్యమవుతుంది, స్లీవు ముందే పళ్ళకి తగులుతుంది. ఆ గర్రు అదే.

ఇక రింగు ఇత్తడిదైతే ఇంకో చిక్కు. ఇత్తడిలో రాగి ఉంటుంది, వేడి మీద గంధకం రాగిని తింటుంది. ఇది నెలలో జరిగే పని కాదులెండి, ఏళ్ళ తరబడి జరిగేది. కంగారు పడి ఈ రాత్రే ఆయిల్ దించేయక్కర్లేదు.

చిత్తూరు_ఘాట్
మాస్టారూ, పొద్దున ఒక్కటే కష్టం, వేడెక్కాక సరిపోతోంది అంటున్నాడు కదా. అది జీఎల్ గొడవా, చిక్కదనం గొడవా?

రసాయనం_మాస్టారు
రెండూనని నా అనుమానం. పొద్దున రెండో గేరు చిక్కదనం వల్ల. రింగు లోపలి గాట్లు ఆయిల్ పొరని కోసుకుంటూ పోతేనే కోనుకి తగులుతుంది, చిక్కటి ఆయిల్ని కోయడానికి టైము పడుతుంది. వేడెక్కాక కూడా మూడో గేరు ఒరుసుకోవడం జీఎల్ వల్ల కావచ్చు.

లెక్క కావాలంటే: 100 డిగ్రీల దగ్గర కొలిస్తే 80 గ్రేడు 11 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపే ఉంటుంది. 90 గ్రేడు 13.5 నుంచి 18.5 మధ్య. చల్లగా ఉన్నప్పుడు తేడా ఇంకా పెద్దది. ముందున్న 75డబ్ల్యూకి చలిలో ఎంత చిక్కబడుతుందో చూసే పరీక్ష మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూకి మైనస్ 26 దగ్గర.

కొత్త_ఎల్‌బోర్డు
మైనస్ 26 విజయవాడలో ఎప్పుడొస్తుంది సార్, నేను స్వెటర్ కొనుక్కోవాలి

స్పానర్_14
ఒక అనుమానం. ఇంజన్ ఆయిల్ 40 గ్రేడే చిక్కగా ఉంటుంది, మరి 90 అంటే దానికి రెట్టింపు చిక్కనా?

రసాయనం_మాస్టారు
కాదు, కొలబద్దలే వేరు. ఇంజన్ ఆయిల్ 40 అంటే 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3. గేర్ ఆయిల్ 90కి పైన రాశాను, పక్కపక్కన పెట్టి చూడండి. ఇంచుమించు ఒకటే. అంకెలు కలిసిపోకూడదనే గేర్ ఆయిల్ అంకెలు పైకి పెట్టుకున్నారు.

మానేరు_బండి
మాస్టారు, మరి కొన్ని డబ్బాల మీద జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసుంటయ్ గదా? దానికేమంటరు?

రసాయనం_మాస్టారు
మంచి ప్రశ్న. మందు మోతాదు జీఎల్-5 స్థాయిలో ఉంచి, రాగిని తినకుండా దాన్ని కాస్త శాంతపరిచే పదార్థాలు కలిపి రెండూ రాస్తారు. ఇత్తడిని కాపాడే మాట వరకు నిజం కావచ్చు. రాగి పలకని నున్నగా రుద్ది వేడి ఆయిల్లో ముంచి రంగు మారడాన్ని 1 నుంచి 4 వరకు కొలిచే పరీక్ష ఒకటుంది. డేటా షీటులో కాపర్ కరోజన్ దగ్గర 1 అని ఉంటే నిశ్చింత. కానీ పట్టు సంగతి ఆ పరీక్ష చెప్పదు. మాన్యువల్లో జీఎల్-4 అని ఒక్కటే ఉంటే నేను జీఎల్-4 ఒక్కటే రాసున్న డబ్బా కొంటాను.

డెట్రాయిట్_చలి
ఓనర్స్ మాన్యువల్లో ఉన్నదే పోయాలన్నంత వరకు మాస్టారి మాట ఒప్పుకుంటా. "మాన్యువల్ గేర్‌బాక్సు అంటే జీఎల్-4" అని ఎవరైనా గోడ మీద రాసుకుంటే మాత్రం ఒప్పుకోను. నాది సుబారు. గేర్లకీ ముందు డిఫరెన్షియల్‌కీ ఒకటే ఆయిల్, ఆ డిఫరెన్షియల్ హైపాయిడ్. కంపెనీయే 75డబ్ల్యూ-90 జీఎల్-5 పోయమంటుంది, సింక్రోలు దానికి తగ్గట్టే చేసుకున్నారు. ఇక్కడి ఫోరమ్‌లు చదివి నేను జీఎల్-4 పోసుంటే క్రౌన్ పినియన్ నమిలేసేది.

ఇక్కడ జనవరిలో పొద్దున మైనస్ 20 దాకా పోతుంది. 75డబ్ల్యూ ఉన్నా సరే మొదటి రెండు మైళ్ళు గేరు లివరు గంజిలో కలియబెట్టినట్టే. అది రోగం కాదు, చలి.

షెడ్డు_సత్యం
ఇంతమంది ఆయిల్ గురించి మాట్లాడారు, క్లచ్ గురించి ఒక్కరూ అడగలేదే.

బండోడు గారూ, ఆయిల్ కొనే ముందు ఇది చేయండి. పొద్దున్నే ఇంజను ఆపి ఉండగా క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత స్టార్ట్ చేసి, నిలబడ్డ చోటే, మళ్ళీ అన్నీ వేయండి. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్‌లో మొదటి గేరు, రివర్స్ గట్టిగా ఉంటే అది గేర్ ఆయిల్ కాదు, క్లచ్ పూర్తిగా విడవట్లేదు. కేబుల్ బండైతే కేబుల్ సాగి ఉంటుంది, హైడ్రాలిక్ అయితే బ్రేక్ ఆయిల్ తగ్గడమో గాలి చేరడమో.

ఇంకో పరీక్ష. న్యూట్రల్‌లో ఇంజను ఆడుతుండగా సన్నగా కూత వస్తోందా? క్లచ్ తొక్కితే ఆగిపోతోందా? అయితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్. ఈ రెంటికీ ఏ డబ్బా పోసినా ఉపయోగం లేదు.

రివర్స్ ఒక్కటే గర్రుమంటే పట్టించుకోకండి. చాలా బండ్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. క్లచ్ తొక్కి మూడు లెక్కపెట్టి వేయండి.

నా దగ్గరికి "గేర్ ఆయిల్ మార్చండి" అని వచ్చేవాళ్ళలో సగం మందికి కావలసింది క్లచ్ సర్దడమే.

లారీ_డ్రైవరు_కొడుకు
సింక్రో గింక్రో లేని రోజుల్లో మా నాన్న డబల్ క్లచ్ కొట్టి వేసేవాడు. క్లచ్ తొక్కి న్యూట్రల్, వదిలి (కింది గేరుకి దిగేటప్పుడైతే చిన్నగా రేస్), మళ్ళీ తొక్కి గేరు. గర్రు శబ్దం వస్తే పక్కనున్న క్లీనర్‌కి మొట్టికాయ పడేది, తప్పెవరిదైనా.

@బెజవాడ_బండోడు పొద్దున డబల్ క్లచ్ కొట్టి చూడండి. సాఫీగా పడితే సింక్రో దగ్గరే తేడా అని తేలిపోతుంది.

బెజవాడ_బండోడు
సత్యం గారూ, చేశాను. ఆపి ఉంటే అన్నీ సాఫీ. స్టార్ట్‌లో మొదటిది, రివర్స్ కొంచెం బిగువే, అదీ ఈ నెలలో వచ్చింది కాదు, ఎప్పట్నుంచో ఉంది. కూత లేదు. డబల్ క్లచ్ కొడితే రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు కూడా మెత్తగా పడింది, మూడోదీ అంతే.

షెడ్డు_సత్యం
అయితే రెండు పనులూ ఉన్నాయి. కేబుల్ సర్దించండి, ఆయిల్ మార్చండి. ముందు కేబులే, అది ఖర్చు లేని పని.

మానేరు_బండి
సత్యమన్నా, నాకైతే ఏ లొల్లీ లేదని చెప్తున్న గదా. నాది జీపు టైపు, వెనక చక్రాల బండి. ఒకటే డబ్బా తెస్త, గేర్‌బాక్స్‌కి పోస్త, మిగిలింది వెనక హౌసింగ్‌ల పోస్త.

షెడ్డు_సత్యం
అదీ సంగతి! నీ హౌసింగులో జీఎల్-5 పోయడం నూటికి నూరు పాళ్ళు సరైనదే తమ్ముడూ. అక్కడ జీఎల్-4 పోస్తేనే ప్రమాదం. గేర్‌బాక్సుకి మాన్యువల్లో ఏముందో చూడు. కొన్ని కంపెనీలు రెండిట్లో ఏదైనా పర్వాలేదంటాయి, కొన్ని ఒప్పుకోవు. నీది ఒప్పుకునే రకమైతే నువ్వూ రైటే, మాస్టారూ రైటే.

మానేరు_బండి
మాన్యువల్ ఎలుకలు కొట్టినయ్ అన్నా

కొత్త_ఎల్‌బోర్డు
ఎలుకలు జీఎల్-4 వర్గమన్నమాట

ట్రాక్టర్_బాబాయ్
మా తెనాలి వైపు ఇదే గొడవ ట్రాక్టర్లకి. పాత డ్రై బ్రేకు బండ్లకి తొంభై నంబరు పోసి పోసి అలవాటైపోయి, ఆయిల్లో మునిగుండే బ్రేకుల కొత్త బండ్లకీ అదే పోసేస్తారు. ఆ బండ్లలో గేర్లకీ, హైడ్రాలిక్‌కీ, బ్రేకుకీ ఒకటే ఆయిల్, దాని పేరు యూటీటీఓ (యూనివర్సల్ ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్). తొంభై పోస్తే బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటుంది, లిఫ్ట్ బద్ధకిస్తుంది. కొట్టువాడు అమ్మేస్తాడు, పొలంలో తిప్పలు మనవి.

పాతఇనుము_ప్రేమికుడు
గేర్‌బాక్సులో గేర్ ఆయిలే ఉండాలన్న రూలు కూడా లేదు. 1959లో వచ్చిన మినీలో గేర్‌బాక్సు ఇంజను కింద సంపులోనే (ఆయిల్ తొట్టిలోనే) కూర్చుంటుంది, రెంటికీ ఇంజన్ ఆయిలే. మన మోటారు సైకిళ్ళలో చాలావరకు ఇప్పటికీ అదే పద్ధతి. పాత చేతక్ స్కూటరు గేర్లకి సాదా ఎస్ఏఈ 30 పోసేవాళ్ళం. మస్టాంగులో వచ్చిన బోర్గ్ వార్నర్ టీ-5 మాన్యువల్ బాక్సే, దానికి పోసేది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్! హోండా వాళ్ళది సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్సు ఆయిల్), పోసి చూస్తే నీళ్ళలా పలచగా ఉంటుంది. మెకానిక్కు చూసి "ఇది ఆయిలేనా" అని తొంభై నంబరు డబ్బా తెస్తాడు. అక్కడ అడ్డం పడాలి.

సెమీ_ఆటో_సునీత
నాది ఏజీఎస్ (ఆటో గేర్ షిఫ్ట్) కారు. క్లచ్ పెడల్ లేదు కదా, అంటే ఏటీఎఫ్ పోయాలా? బయట ఒకాయన "ఆటోమేటిక్ కదమ్మా, ఏటీఎఫ్ మూడు లీటర్లు తెప్పించండి" అన్నారు. తెప్పించే ముందు ఇక్కడ అడుగుదామని.

షెడ్డు_సత్యం
తెప్పించకండమ్మా. మీ ఏజీఎస్ ఏఎంటీ రకమే. 2014లో సెలేరియోతో ఇక్కడ మొదలైన ఈ ఏఎంటీ అసలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వేయడం మీ కాలూ చేయీ కాకుండా ఒక యాక్చువేటర్ చేస్తుంది, అంతే తేడా. లోపల సింక్రోలు అవే. బాక్సుకి మాన్యువల్లో రాసిన గేర్ ఆయిలే. యాక్చువేటర్‌కి వేరే చిన్న హైడ్రాలిక్ ఆయిల్ ట్యాంకుంటుంది, అది ఇందులో పోయకూడదు, ఇది అందులో పోయకూడదు.

సెమీ_ఆటో_సునీత
థాంక్స్ అన్నయ్యా. ఆయన నంబరు బ్లాక్ చేశా.

సింగ్‌నగర్_వాసి
ఆయిల్ ఏదని ఇంత చర్చ జరుగుతోంది కాబట్టి, మా వైపు బండ్ల సంగతి కూడా రాస్తాను. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నా కారు స్టీరింగు దాకా మునిగింది. బయటికి తీశాక ఇంజన్ ఆయిల్ మార్చారు, సీట్లు ఎండబెట్టారు, వైరింగు చూశారు, బిల్లు చేతిలో పెట్టారు. గేర్‌బాక్సు ఊసే లేదు. నేను అడిగితే "అది సీల్డ్ సార్" అన్నారు.

సీల్డ్ కాదు. పైన బ్రీదరు అని చిన్న గొట్టం ఉంటుంది, వేడికి లోపల గాలి వ్యాకోచిస్తే పోవడానికి. వేడి మీదున్న బాక్సు ఒక్కసారి నీళ్ళలో చల్లబడితే ఆ గొట్టం నుంచే నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. కొన్నాళ్ళకి కూత మొదలైంది. ఆయిల్ దింపితే పాలు కలిపిన టీ రంగు. బేరింగులు మార్చాల్సొచ్చింది. మా వీధిలో ఎవరైనా ఆయిల్ గ్రేడు గురించి అడిగితే నేను ముందు అడిగేది "వరద తర్వాత దింపి చూశారా" అనే.

బెజవాడ_బండోడు
మాది గవర్నర్‌పేట వైపండీ, నీళ్ళు రాలేదు. కానీ మా బావమరిది బండి అజిత్‌సింగ్‌నగర్లోనే ఉండిపోయింది, ఇంజన్ ఆయిలే మార్పించాడు. ఇవాళే చెప్తాను.

చిత్తూరు_ఘాట్
ఇంతకీ ఏ డబ్బా కొనాలి? బ్రాండు చెప్పండప్పా ఎవరైనా.

రసాయనం_మాస్టారు
బ్రాండు కన్నా వెనక లేబుల్ చదవండి. ముందువైపు "సూపర్", "అల్ట్రా" అని ఏమైనా ఉండనివ్వండి. వెనక జీఎల్-4 ఉందా, చిక్కదనం మాన్యువల్లో చెప్పినదేనా, సింక్రోమెష్ గేర్‌బాక్సుకి అని రాశారా? మూడూ ఉంటే చాలు. 75డబ్ల్యూ-80 దొరక్కపోతే 75డబ్ల్యూ-85 జీఎల్-4 కంపెనీ ఒప్పుకుంటుందేమో చూడండి. లూజు డ్రమ్ము ఆయిల్ వద్దు, లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

పైన మందు సీసాలు కలపడం కూడా వద్దు. మాలిబ్డినం కలిపిన "స్మూత్ షిఫ్ట్" రకాలు జారుడు పెంచుతాయి. సింక్రోకి అక్కర్లేనిదే అది.

చిత్తూరు_ఘాట్
మాస్టారూ, దీంట్లో ఒప్పుకోను. తిరుమల ఘాట్ ఎక్కీ దిగీ తిరిగే బండి నాది, సెకండ్ గేర్లోనే గంటలు గంటలు. వేడి ఎక్కువ. 75డబ్ల్యూ-80 పోస్తే బాక్సు మోత వినిపించింది, 75డబ్ల్యూ-90 జీఎల్-4 పోశాక తగ్గింది. పుస్తకంలో ఉన్నదే వేదం అంటే ఎలా?

రసాయనం_మాస్టారు
మీరు జీఎల్-4 లోనే ఉంటూ చిక్కదనం రెండు మెట్లు పెంచారు. అరిగిన బాక్సులో, వేడి రోడ్డు మీద అది సబబే, మోత తగ్గుతుంది. బదులుగా చలికాలం పొద్దున రెండో గేరు కొంచెం బిగువు. తిరుపతిలో ఆ బిగువు మీకు తెలియకపోవచ్చు, లంబసింగిలో తెలుస్తుంది.

షెడ్డు_సత్యం
సొంతంగా చేసుకునేవాళ్ళకి ఒక్క మాట. ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పండి. అది వచ్చాకే కింది డ్రెయిన్ బోల్టు ముట్టండి. ఆయిల్ అంతా దింపేశాక ఫిల్లర్ తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. బండి వేడి మీద ఉండగా దింపండి. బండి నేల మట్టంగా ఉండాలి, ఒక పక్కే జాకీ ఎత్తి పోస్తే లెవెల్ తప్పు. చాలా బండ్లలో ఫిల్లర్ రంధ్రం అంచు దాకా వచ్చి కారితే నిండినట్టు. చిన్న కార్లలో రెండు, రెండున్నర లీటర్లు పడుతుంది. ఎక్కువ పోస్తే నురగ కట్టి బ్రీదరులోంచి కక్కుతుంది. వాషర్లు కొత్తవి వేయండి, పది ఇరవై రూపాయల దగ్గర పిసినారితనం వద్దు.

డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు మామూలే. గోటి ముక్కల్లాంటివి వస్తే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

బెజవాడ_బండోడు
అప్డేట్. క్లచ్ కేబుల్ వేరేచోట సర్దించాను, రివర్స్ బిగువు పోయింది. ఆ వారమే 75డబ్ల్యూ-80 జీఎల్-4 సీలు డబ్బాలు కొని దగ్గరుండి పోయించాను. పొద్దున రెండో గేరు ఇప్పుడు పడుతోంది. పూర్తిగా వెన్న కాదు గానీ లాగక్కర్లేదు. మూడోది బాగా తగ్గింది, అయినా హడావిడిగా వేస్తే ఒక్కోసారి చిన్నగా తగులుతోంది. దింపిన ఆయిల్లో ముక్కలేం లేవు, పేస్టే. వాసన మాత్రం కుళ్ళిన గుడ్లు.

రసాయనం_మాస్టారు
ఆ వాసన గంధకానిది. పాతది కొంత లోపలే మిగిలి ఉంటుంది, మొత్తం దిగదు.

మానేరు_బండి
మరి మూడో గేరు కోసం బాక్స్ దించాలంటరా సత్యమన్నా?

షెడ్డు_సత్యం
దించొద్దు. డెబ్బై వేలకి మూడో సింక్రో కొంచెం అరగడం ఊళ్ళో తిరిగే బండికి మామూలే, ఆయిల్ మారకముందే మొదలై ఉంటుంది. బాక్స్ దించితే లేబరే పార్టుల కన్నా ఎక్కువవుతుంది. మూడో గేరు తనంతట తను న్యూట్రల్‌కి ఎగిరిపోతే, లేకపోతే ప్రతిసారీ గర్రుమంటే అప్పుడు దించుదాం. ఎలాగూ క్లచ్ ప్లేటు మార్చే రోజు వస్తుంది, ఆ రోజు బాక్సు కిందే ఉంటుంది, అప్పుడు విప్పి రింగులు వేయించుకోండి. అప్పటిదాకా రెండు నుంచి మూడుకి వేసేటప్పుడు న్యూట్రల్ దగ్గర అర క్షణం ఆపి వేయండి.